నిలిచిన గొంతు – క్లిఫ్ రిచర్డ్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన స్వర్ణోత్సవంలో ఒక ఇంగ్లీషు పాప్ గాయకుడి ప్రస్తావన ఎందుకని మీరు అనుకోవచ్చు. యాభై ఏళ్లకు పైగా జనం మధ్య నిలవడం ఎలాగో ఆయన జీవితంలో కనిపిస్తుంది. అందుకే ఆయనను ఎంచుకున్నాను.

ఆయన సర్ క్లిఫ్ రిచర్డ్. అసలు పేరు హ్యారీ రోడ్జర్ వెబ్. 1940 అక్టోబరు 14న మన లక్నోలోనే పుట్టారు. 1948లో ఆ కుటుంబం ఓడెక్కి ఇంగ్లండు చేరింది. అక్కడ మొదట్లో బంధువుల ఇళ్లలో తలదాచుకుంది.

1958లో, పదిహేడేళ్ల వయసులో, ఆయన తొలి రికార్డు వచ్చింది. రికార్డుకు రెండో వైపు వేద్దామనుకున్న 'మూవ్ ఇట్' పాటే జనానికి నచ్చి, బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరింది. మరుసటి ఏడాది 'లివింగ్ డాల్' మొదటి స్థానం అందుకుంది.

1963లో బీటిల్స్ బృందం గాలి వీచింది. అంతకు ముందరి గాయకులు చాలామంది ఆ గాలిలో కొట్టుకుపోయారు. క్లిఫ్ పాడుతూనే ఉన్నారు. 1968 యూరోవిజన్ పోటీలో ఆయన 'కంగ్రాచులేషన్స్' పాట ఒకే ఒక్క పాయింటు తేడాతో స్పెయిన్ పాట చేతిలో ఓడింది. స్వదేశంలో మాత్రం మొదటి స్థానంలో నిలిచింది. మళ్లీ ఆ స్థానం దక్కడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆయన ఖాళీగా కూర్చోలేదు. పాత సహచరుడు బ్రూస్ వెల్చ్ నిర్మాతగా, కొత్త బాణీలో 1976లో 'డెవిల్ ఉమన్' పాడి అమెరికా శ్రోతలనూ మెప్పించారు. 1979లో 'వి డోంట్ టాక్ ఎనీమోర్' ఆయనను మళ్లీ మొదటి స్థానంలో నిలబెట్టింది.

1999లో 'మిలీనియం ప్రేయర్' రికార్డును ఆయన పాత కంపెనీ విడుదల చేయనంది. చాలా రేడియో కేంద్రాలు వినిపించలేదు. అయినా శ్రోతలు కొన్నారు, అదీ మొదటి స్థానానికి చేరింది. అలా వరుసగా అయిదు దశాబ్దాల్లోనూ ఆయనకు అగ్రస్థానం దక్కింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 2014లో ఒక ఆరోపణపై పోలీసులు ఆయన ఇంటిని సోదా చేస్తుంటే, బీబీసీ హెలికాప్టర్ నుంచి దేశమంతటికీ చూపించింది. ఆయనను అరెస్టు చేయలేదు, అభియోగమూ మోపలేదు. 2016లో, విచారణకు తగిన ఆధారాలు లేవని ప్రాసిక్యూటర్లు తేల్చారు. పరువు కోసం డెబ్బయ్యేడేళ్ల వయసులో ఆయన హైకోర్టు మెట్లెక్కారు. 2018లో న్యాయమూర్తి ఆయన గోప్యతకు భంగం కలిగిందని చెప్పి, 2,10,000 పౌండ్ల పరిహారం ప్రకటించారు.

ఆ తీర్పు రోజున కోర్టు బయట నిలబడ్డ అభిమానులు ఏ పాట పాడారో తెలుసా? ఒక్క పాయింటుతో ఓడిన ఆ 'కంగ్రాచులేషన్సే'!

మిత్రులారా, ఆయన ఎన్ని రికార్డులు అమ్మారన్న లెక్క కంటే, ఆ రోజు గేటు బయట నిలబడ్డ మనుషులే నాకు పెద్దగా కనిపిస్తారు. మన సంఘానికీ అదే కొలత. మనలో ఒకరికి కష్టం వచ్చిన రోజున, మాట పడ్డ రోజున, మిగతావాళ్లం వెళ్లి పక్కన నిలబడాలి. అలా నిలబడగలిగితే, ఈ యాభై ఏళ్ల స్నేహానికి అర్థం ఉన్నట్టే.