పాత లారీ ముందు ఇరుసు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దల సామెత. ఎద్దుబండ్లు తగ్గినవి గాని సామెతకు కాలము చెల్లలేదు. తోటపల్లి గూడూరు ప్రాంతమున ధాన్యపు బస్తాలు మోయు పాత లారీ ఏదైనను కాలువ వంతెన నెక్కి దిగునపుడు చెవియొగ్గి వినుడు. ఆ సంగీతమే వినవచ్చును. బండి కిర్రుమన్నను ఎద్దులు ఇల్లు చేర్చును. లారీ ముందు ఇరుసు అరిగినచో ఇల్లు చేరుటయే సందేహము.

జంషెడ్‌పూరులో టాటా వారి లారీల తయారీ 1954లో మొదలయ్యెను. అశోక్ లేలండ్ అను పేరు 1955లో వచ్చెను. అప్పటినుండి మన రైతులు వాడుచున్న బరువు లారీలలో పెక్కింటికి ముందుభాగపు కట్టడి ఒక్కటే. అడ్డముగా బలమైన ఉక్కు దూలము, దాని రెండు కొనలందు నిలువుగా కింగ్ పిన్నులు, వాని చుట్టు చక్రములతో కూడ తిరుగు స్టబ్ ఆక్సిళ్లు, పైన కమాను కట్టలు. బరువును, గుంతల దెబ్బను, స్టీరింగు తిప్పిన ఒరిపిడిని ఈ పిన్నులును, వాని బుష్షులును భరింపవలెను. మన తీరమున కోడూరు వైపునుండి వీచు ఉప్పుగాలి వీనికి అదనపు శత్రువు. 1990 తరువాత రొయ్యల చెరువులు పెరిగినవి. ఆ సరకునుండి కారు ఉప్పునీరు కూడ ఇనుమును తినుచున్నది.

నే నెరిగిన రైతొకరు కోతలకు ముందు రెండు క్రొత్త టైర్లు వేయించిరి. కోతలు ముగియకమునుపే అవి ఒక అంచున అరిగిపోయినవి. స్టీరింగు వణకుచున్నదని డ్రైవరు చెప్పుచునే యుండెను. "కోతలు కానిమ్ము, చూతము" అని వారు వాయిదా వేసిరి. తుదకు చూడగా దోషము టైర్లది కాదు, పిన్నులది. టైర్ల సొమ్మును పోయినది, పిన్నుల ఖర్చును తప్పలేదు.

పరీక్ష కష్టమైనది కాదు. వెనుక చక్రములకు దిమ్మెలు పెట్టి, ఇరుసును జాకీతో లేపి, దాని క్రింద గట్టి ఆధారము నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి లారీ క్రింద దూరరాదు. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపుడు. కదలిక యున్నచో ఒకరిని బ్రేకు తొక్కుమనుడు. అప్పుడు కదలిక ఆగినచో లోపము చక్రపు బేరింగులది. ఆగనిచో పిన్నుది, బుష్షులది.

పిన్ను మార్చునపుడు బుష్షులను కూడ మార్పవలెను. బుష్షునందలి గ్రీజు రంధ్రము స్టబ్ ఆక్సిలు రంధ్రమునకు ఎదురుగా నుండవలెను. లేనిచో ఎంత గ్రీజు కొట్టినను లోపలికి పోదు. పై బుష్షును క్రింది బుష్షును ఒకే వరుసలో రీమరు చేయించవలెను. బిగిసిన పిన్ను వచ్చుటకై దూలమును ఎఱ్ఱగా కాల్చుట ప్రమాదము. ఉక్కు బిగువు చెడును. విరిగిన కమాను పట్టీని వెల్డింగు చేయించుటయు అట్టిదే. పట్టీ మార్చి, యు బోల్టులు క్రొత్తవి వేసి, కొంత దూరము బరువుతో నడిపిన పిమ్మట మరల బిగింపవలెను. చివరకు ముందు చక్రముల వరుస సరిచూపించవలెను.

ఇక గ్రీజు సంగతి. ఇరుసును లేపి, చక్రములపై బరువు తీసి, పాత నల్లని గ్రీజు వెలుపలికి వచ్చువరకు కొట్టవలెను. ఉప్పునీటి సరకు మోసిన దినమున మంచినీటితో క్రిందిభాగమును కడిగి, ఆరిన పిమ్మట గ్రీజు పట్టించుట మేలు.

ఎనిమిదేండ్లు దాటిన లారీకి ఏటేట ఫిట్‌నెస్ పత్రము పొందవలెనని నిబంధన కలదు. పత్రము ఏడాదికొక్కసారి, గుంతలు ప్రతిదినము. కావున స్టీరింగు వణకుచున్నదని డ్రైవరు చెప్పినపుడు యజమాని దానిని సాకుగా తలపరాదు. ఒక దినపు బాడుగ పోయిన మరునాడు సంపాదించుకొనవచ్చును. వంతెనమీద చక్రము అదుపు తప్పినచో డ్రైవరును, అతని ప్రక్కన కూర్చున్న హమాలీలును ఏ బాడుగకు తిరిగి వత్తురు? సాయంకాలము వారికొరకు వాకిట ఎదురుచూచు ఇండ్లు కలవు. ఈ మాట యజమాని మరువకుండుటయే అన్నిటికంటె మంచి మరమ్మతు.