కుటుంబానికి ఒక ఫిల్ము కెమెరా

నాది మలేషియాలో సాయంత్రం బడిలో నేర్చిన తెలుగు. తెలిసిన సంగతిని తెలిసిన మాటల్లోనే మనవి చేస్తాను.

ఈమధ్య మన యువకులు పాత ఫిల్ము కెమెరాల మీద మోజుపడుతున్నారు. "మాస్టారూ, ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. నికాన్ వారి ఎఫ్-6 కూడా 2020లో ఆగిపోయింది కనుక, ఎస్.ఎల్.ఆర్. కావాలంటే వాడినదే చూసుకోవాలి.

ఎస్.ఎల్.ఆర్. లోపల ఒక అద్దం ఉంటుంది. లెన్సు చూసేదాన్నే అది మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు ఫిల్ము మీద పడుతుంది.

నేర్చుకునేవారికి పెంటాక్స్ కె-1000 మంచిది. 1976 నుంచి 1997 దాకా తయారైంది. బ్యాటరీ వెలుగును కొలవడానికే. అది అయిపోయినా కెమెరా పనిచేస్తుంది. అయితే ఆ మీటరుకు స్విచ్చి లేదు. పని కాగానే లెన్సుకు మూత పెట్టాలి. పరుగెత్తే పిల్లలను తీయాలంటే 1976లోనే వచ్చిన కానన్ ఏఈ-1 సులువు. మనం షట్టరు వేగం పెడితే, లెన్సు ఎంత తెరుచుకోవాలో అదే చూసుకుంటుంది. కాని బ్యాటరీ లేకపోతే అది కదలదు. ఏది కొన్నా 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చాలు. ఇంట్లో తీయడానికి 400 ఫిల్ము వేయండి.

కొట్లోనే వెనుక తలుపు తెరిచి, ఫిల్ము లేకుండా షట్టరు నొక్కి చూడండి. ఒక సెకనుకూ, వెయ్యోవంతుకూ తేడా తెలియాలి. తలుపు అంచున ఉండే స్పాంజి జిగురుగా మారితే వెలుగు లోపలికి దూరుతుంది. లెన్సును దీపానికి ఎదురుగా పట్టండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, వద్దనండి. మనది తేమ దేశం. ఇంట్లో తోలు సంచిలో ఉంచకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

రోలుకు 36 బొమ్మలే. ఫిల్ము ఖరీదైనది. కనుక ఎవరిని తీయాలో ఆలోచించాలి. పెళ్ళిలో అందరూ వేదికనే తీస్తారు; వంటింట్లో కొబ్బరి తురిమే పెద్దమ్మను ఎవరు తీస్తారు? మా నాయనమ్మ తోటలో పనిచేసింది. ఆమె ఫోటో ఒక్కటీ మా ఇంట లేదు. ఆమె ఎలా ఉండేదో మా మనవలకు మాటల్లోనే చెప్పాలి.

స్టూడియోవారు కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చినా, నెగటివులు తప్పక అడిగి తెచ్చుకోండి. ఆల్బంలో ప్రతి ఫోటో కిందా పేరు, ఊరు, సంవత్సరం, వరస తెలుగులో పిల్లలచేతనే రాయించండి. మేనత్తా, పిన్నీ, పెద్దమ్మా అందరూ వాళ్ళకు ఆంటీలైపోతున్నారు. ఆ మాటలు నిలవడానికి ఇది కూడా ఒక బడే.

కెమెరా కొన్న వారం మొదటి రోలు మీ ఇంట్లో అందరికంటే పెద్దవారికి కేటాయించండి. ఇదే నా విన్నపం. సెలవు.