కంప్యూటరుకు నీరడి



కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో చెరువు క్రింది సేద్యమెఱిగిన వారికి నీరడిని గూర్చి చెప్పనక్కఱలేదు. తూమెప్పుడు తెఱువవలెనో, ఏ మడికెంతసేపు నీరు విడువవలెనో, ఎవరి వంతు ముందో చూచువాడతడు. చెరువతనిది కాదు, పొలమును అతనిది కాదు. అయినను అతడు లేనిచో బలవంతుని మడి మునుగును, బలహీనుని మడి యెండును. కంప్యూటరులో ఈ పని చేయునదే ఆపరేటింగ్ సిస్టము.

లెక్కచేయు ప్రాసెసరును, తాత్కాలికముగా విషయములనుంచుకొను మెమరీని, భద్రపఱచు డిస్కును పలు ప్రోగ్రాములు ఒకేసారి కోరును. దేనికెంత కాలము, ఎంత చోటు ఈయవలెనో నిర్ణయించి, ఒకదాని చోటిలో వేఱొకటి చొరబడకుండ గట్టు కట్టునదిదియే.

తొలి యంత్రములకిది లేకుండెను. ఒక పని ముగిసిన పిదప మనుష్యుడు మఱొకటి అమర్చువఱకు యంత్రమూరక యుండెడిది. 1956లో ఐ.బి.ఎం. 704 యంత్రమునకు పనులను వరుసగా నందించు వ్యవస్థ అమెరికాలో సిద్ధమైనది. ఇది బ్యాచి పద్ధతి. పిండిగిరిణి వద్ద గంపలు వరుసనుంచినట్లే పనులు సాగును. నడుమ ఎవరును కల్పించుకొనరాదు. 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున టైమ్ షేరింగ్ పద్ధతి ప్రదర్శింపబడినది. ఒక్కొక్కరికి క్షణములో స్వల్పభాగమిచ్చుచు తిరుగుటచే, యంత్రము తనదేయని ప్రతివాడును తలచును. మూడవది రియల్ టైమ్ పద్ధతి. రామగుండము వంటి విద్యుత్కేంద్రమున బాయిలరు ఒత్తిడి హద్దు మీఱినచో తీరికగా బదులిచ్చుట పనికిరాదు. గడువు దాటిన సమాధానము తప్పు సమాధానమే. పెక్కు యంత్రములను కలిపి నడుపునవియు, 2008లో ఫోనులపై వెలసిన ఆండ్రాయిడ్ వంటివియు తరువాతి రకములు.

ఇక తూము తాళమెవరి చేతనుండవలెనన్నది అసలు ప్రశ్న. విండోస్ లోపలి వ్రాత దాని కంపెనీ యధీనము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. యంత్రము చెడకున్నను, రక్షణకు వలయు మరమ్మతులాగుటచే అది నమ్మదగనిదగును. కొత్తది కొనలేని పల్లె గ్రంథాలయమునకిది చిన్న చిక్కు కాదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ అట్టిది కాదు. దానినెవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దాని తేలికరూపములు పాత యంత్రములపైనను నడచును. కాని వాడుకకు అలవాటు కావలెను, నేర్పువారును కావలెను.

ఆ 1991లోనే యూనికోడు తెలుగక్షరములకు సంకేత సంఖ్యలిచ్చినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్ ఆజ్ఞలను తెనిగించిరి. గ్రామీణ విద్యార్థులకై 2008లో బాసరలో సాంకేతిక విద్యాలయము నెలకొన్నది. నేర్పు చేతులు మన గడ్డపైననే కలవు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు తెలుగు పుస్తకమునకు చోటు కల్పించిరి. తెలుగు తెరకు చోటు కల్పించుట నేటి గ్రంథాలయముల వంతు. నీరడి మాట రైతుకర్థమైననే గదా నీటి వంతు న్యాయమగుట!