గడీ తుపాకి, ఊరి వడిసెల



ఆయుధం పట్టే హక్కు అనగానే అందరి చూపూ అమెరికా వైపు పోతుంది. 1791లో ఆ దేశ రాజ్యాంగపు రెండో సవరణలో ఆ హక్కు చేరింది. మరుసటి ఏడే వచ్చిన మిలీషియా చట్టం 18 నుంచి 45 ఏళ్ల లోపు తెల్లజాతి స్వేచ్ఛాపౌరుడు ప్రతివాడూ తుపాకి సమకూర్చుకోవాలని ఆదేశించింది. అదే దేశంలో చాలాచోట్ల బానిస చేతిలో తుపాకి కనబడితే నేరం. ఎవరు పట్టవచ్చు, ఎవరు పట్టగూడదు అన్న ఆ గీత ఎక్కడ పడిందో చూడకుండా ఆయుధాల చరిత్ర రాయలేమని నా నమ్మకం.

మన దగ్గరా ఆ గీత ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధ చట్టం దేశీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి తెల్లవాళ్లను వదిలేసింది. నిజాం ఇలాకాలో తుపాకి ఉన్నచోటు దొర ఉండే గడీ. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఊరేగింపు తీసిన ఆంధ్ర మహాసభ సంఘపోళ్ల చేతుల్లో అప్పటికి ఉన్నవి గుత్పలు, వడిసెలలు. ఆడవాళ్ల కొంగుల్లో కారప్పొడి. మరుసటి సంవత్సరం సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నేతలు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చాకే తుపాకులు గెరిల్లా దళాల చేతికి రావడం పెరిగింది. అవీ ఎక్కువగా గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్నవే.

భరమారు అనే నాటు తుపాకి సంగతి ఈ తరానికి చెప్పాలి. గొట్టం మూతిలోంచి మందు పోయాలి, పీచు దట్టించాలి, రవ్వలో ఇనుప ముక్కలో వేసి మళ్లీ కడ్డీతో దట్టించాలి. ఒక్క దెబ్బ పేల్చాక మళ్లీ మొదటికే. అవతల నిజాం పక్షపు రజాకార్లు, పోలీసులు రైఫిళ్లతో వస్తుంటే, ఇవతల ఇంత సేపు పట్టే ఆయుధంతో నిలబడ్డవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో భారత సైన్యం నిజాం ఇలాకాను స్వాధీనం చేసుకుంది. డిసెంబర్ మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చాడు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆ హక్కు ఉందని గుర్తుచేశాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎవరు పడితే వాళ్లు బజారుకు పోయి ఆయుధం కొనుక్కుంటే పాలన ఎట్లా సాగుతుందని ఆయన అడిగాడు. సవరణ వీగిపోయింది. ఆయన మాట సరైనదే అంటాను. కానీ ఆ చర్చ నడిచిన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో సైన్యం దళాలను వేటాడుతోంది, పారిపోయిన దేశ్‌ముఖులు దాని అండతో ఊళ్లకు తిరిగొస్తున్నారు. ఆ సభలో హైదరాబాదు సంస్థానం ప్రతినిధి ఒక్కరూ లేరు. దొర ఇంటి తుపాకినీ రైతు ఇంటి భరమారునూ ప్రభుత్వం ఒకే తీరుగా చూసిందా? దీని మీద ఇంతవరకు గట్టి పరిశోధన రాకపోవడం మన లోటు.

ఆ లోటు తీర్చేటప్పుడు ఒక పాఠం గుర్తుండాలి. అమెరికాలో 2000లో మైకేల్ బెల్లెసీల్స్ అనే చరిత్రకారుడు, చనిపోయినవాళ్ల ఆస్తి జాబితాలు లెక్కగట్టి, ఆ దేశ తొలినాళ్లలో తుపాకులు చాలా తక్కువ ఇళ్లలోనే ఉండేవని రాశాడు. ఆ పుస్తకానికి గొప్ప బహుమతి వచ్చింది. తర్వాత వేరేవాళ్లు సరిచూస్తే ఆ లెక్కలు నిలబడలేదు. 2002లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. మన పక్షం న్యాయమైనదే అయినా లెక్క తప్పితే ఎదుటివాడి చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

అందుకే ఈ సభ ఒక పని తలకెత్తుకోవాలి.  అమ్రాబాదు, అచ్చంపేట అడవుల్లోకి దళాలు నడిచిన దారులు మన జిల్లాలోనివే. ఊరికొకరుగా బయల్దేరండి. పంచనామాలు, లైసెన్సు రిజిస్టర్లు వెతకండి. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగండి: ఊళ్లో ఎవరింట్లో తుపాకి ఉండేది, ఎవరు ఎవరిమీద ఎత్తారు, చివరికి ఎవరికి అప్పగించారు? చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ పక్కనే రాయండి. ఒక్కరే చెప్పింది ఒక్కరే చెప్పారని రాయండి. మొదటి విడతగా కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ ప్రాంతాలు తీసుకుందాం. సాయంత్రం సమావేశంలో పని పంచుకుందాం.