మంచు దేశములలో బండి చక్రములు



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము ఆత్మకూరు పెద్దలకు చెప్పదగినది యగునా యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. మంచు కురియు దేశములలో మోటారు నడుపువారు శీతకాలమునకు వేరుగా టైర్లు వేయించుకొనవలెనా, అక్కరలేదా యనునదే ఆ విషయము. మంచు అనగా పుష్యమాసపు తెల్లవారుజామున మన చేలమీద క్రమ్ముకొనెడి పొగమంచు కాదు. ఆకాశమునుండి దూదిపింజలవలె రాలి, మోకాలిలోతున పేరుకొని, బండ్ల క్రింద నలిగి రాయివలె గట్టిపడు హిమము. ఆత్మకూరున అట్టిది కురిసెనని ఏ ముదుసలియు చెప్పగా నేను వినలేదు.

ఐనను ఈ విషయము మనకు సంబంధింపనిది కాదు. ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణము. ఆ కాలపువారికి హైదరాబాదే దూరదేశము. నేడో, మన పాలమూరు పల్లెల పిల్లలు టొరాంటో, మాంట్రియల్, డెట్రాయిట్, చికాగో, మినియాపోలిస్ నగరములలో చదువుచున్నారు, కొలువులు చేయుచున్నారు. గడ్డు చలిలో తెల్లవారకమునుపే బండి తీసి పనికి పోవుచున్నారు. ఇచ్చట తల్లిదండ్రులు ఫోనులో 'పైలముగా నడుపు బిడ్డా' అందురు. ఆ మాటలో ప్రేమ కలదు గాని ఉపాయము లేదు. పైలముగా నడుపనని ఏ బిడ్డయు చెప్పడు. దానికి తోడుగా అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. అది టైర్లను గూర్చినది. దానిని ఎవరిని అడుగవలెనో, ఎవరిని అడుగనక్కరలేదో, బిడ్డలు చెప్పెడి బదులులో ఏది నిలుచునో, ఏది నిలువదో తెలియజేయుటయే నా యుద్దేశము.

నేలను బట్టి చక్రముండవలెనను సంగతి సేద్యగానికి వేరుగా నేర్పనక్కరలేదు. జూరాల కాలువ నీరు వచ్చిన పిదప మన పొలములలో వరి పెరిగినది. వరితోపాటు బురదయు పెరిగినది. రబ్బరు చక్రములతో దమ్ములోనికి దిగిన ట్రాక్టరు ఒక్కొక్కప్పుడు ఉన్నచోటనే తిరిగి తన గుంట తానే త్రవ్వుకొనును. అందుచే ఇనుప పట్టీల కేజి చక్రములు తగిలింతురు. ఆ చక్రములతోనే తారురోడ్డెక్కిన యెడల రోడ్డు చెడును, పోలీసువారు జరిమానా వేయుదురు. బురదకు మేలైనది తారునకు కీడు. కొయ్యబండ్ల కాలము నెరిగినవారికి మరియొకటి జ్ఞప్తికి వచ్చును. ఇనుప పట్టా బిగించిన చక్రము మట్టిబాటపై ఎంత చక్కగా నడచినను, తడిసిన బండరాతి మీద ప్రక్కకు జారెడిది. అందు ఎడ్ల బలమున లోపము లేదు. చక్రమునకును నేలకును పట్టు లేదు. మోటారు సంగతియు ఇంతే. ఇంజనులో ఎన్ని గుర్రముల బలమున్నను, అది నేలను చేరునది నాలుగు టైర్ల అడుగున, ఒక్కొక్కటి ఇంచుమించు అరచేయి పట్టునంతటి నాలుగు తావులలో మాత్రమే.

ఇక రబ్బరు సంగతి. నేలను పట్టుకొనుటకు రబ్బరునకు మెత్తదనము ముఖ్యము. చలికాలమున గిన్నెలోని నేయి పేరుకొనును గదా! మామూలు టైరులోని రబ్బరు నేయివలె గడ్డకట్టదు గాని, చలి 7 డిగ్రీల సెంటిగ్రేడు దాపునకు దిగినది మొదలు క్రమముగా బిరుసెక్కును. సున్నకు దిగువకు పోయినకొలది దాని పట్టు సడలును. శీతకాలపు టైరు రబ్బరు వేరు పాకము. సహజ రబ్బరు, సిలికా మొదలగువాని పాళ్ళు మార్చి కలుపుటచే అది తీవ్రమైన చలిలోను మెత్తగా నుండును. అదిగాక దాని గాళ్ళు లోతైనవి. గాళ్ళ నడుమనున్న దిమ్మెలపై, చాకుతో గీసినట్లు, లెక్కకు మిక్కిలియైన సన్నని కోతలుండును. బండి కదలునప్పుడు ఆ కోతలు విచ్చుకొని నేలను కరచుకొనును. గాళ్ళలో చిక్కిన మంచు నేలమీది మంచుతో అతుకుకొనును. చేతిలో మంచు నదిమి ముద్ద చేసి చూచినవారికి ఈ సంగతి తెలియును. మంచును గట్టిగా పట్టునది మంచే. ఇట్టి టైరును ఫిన్లండు దేశమున 1934లో లారీలకొరకు మొదట తయారుచేసిరి; 1936లో మోటారుకార్లకును చేసిరి.

ఇందొక విచిత్రము కలదు. సున్న డిగ్రీల దాపున నున్న మంచుగడ్డ, 20 డిగ్రీలు దిగువకు పోయిన మంచుగడ్డకన్న ఎక్కువగా జారును. కరగుటకు సిద్ధముగా నున్న గడ్డపై సన్నని నీటిపొర ఏర్పడుటయే దీనికి కారణము. కావున 'నేడు చలి తగ్గినది, భయము లేదు' అని బిడ్డ చెప్పినచో అది సమాధానము కాదు; ఆనాడే ఎక్కువ భయము.

ఎంత జారునో లెక్క చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి పొడి తారుపై బ్రేకు పట్టినది మొదలు సుమారు 13 మీటర్లలో నిలుచును. అణగిన మంచుపై అదే బండి సుమారు 40 మీటర్లు పోవును. నున్నని మంచుగడ్డపై నూరు మీటర్లదాక పోవచ్చును. వేగము రెట్టింపైన ఈ దూరము నాలుగు రెట్లగును. శీతకాలపు టైరు వేసినంతమాత్రమున మంచు తారు కాదు. దూరము కొంత తగ్గునంతే. కాని ఆ కొంతలోనే ఎదుటి బండి యుండవచ్చును, రోడ్డు దాటుచున్న పసివాడుండవచ్చును.

ఇచ్చట అల్లుండ్రు, కొడుకులు చెప్పెడి మొదటి బదులు వినవచ్చును. 2014 జనవరిలో నేను మినసోటా రాష్ట్రమున సెయింట్ పాల్ నగరమున మా అమ్మాయి యింట నుంటిని. అల్లునికి నాలుగు చక్రములకును ఇంజను బలమందెడి పెద్ద బండి యుండెను. "దీనికి వేరే టైర్లెందుకు మామా, నాలుగు చక్రాలూ లాగుతాయి" అని అతని వాదము. పొరుగున నుండిన వృద్ధుడొకడు, ఆ దేశమువాడే, ఈ మాట విని నవ్వి, మమ్ముల నొక పెద్ద అంగడి వెనుకనున్న ఖాళీ మైదానమునకు తీసికొనిపోయెను. ఆయన బండి చిన్నది, పాతది, ముందు చక్రములు మాత్రమే లాగునది. కాని దానికి శీతకాలపు టైర్లుండెను. అణగిన మంచుపై ఇద్దరును గంటకు 30 కిలోమీటర్ల వేగమున నడిపి, ఒకే గీటు వద్ద బ్రేకు వేసిరి. ఆయన బండి 16 అంగలలో నిలిచెను. మా బండి 24 అంగలు పోయెను. అంగలు వేసి లెక్కించినవాడను నేనే. బయలుదేరుటలో మాత్రము మా బండియే ముందు. అంతవరకు అల్లుని మాట నిజము. నాలుగు చక్రముల బలము కదలుటకు సాయము. ఆగుటకందురా, ఏ బండికైనను నాలుగు చక్రములకును బ్రేకు లుండనే యున్నవి. పెద్దబండికి అందులో అధికమేమియు లేదు. సులువుగా కదలునది సులువుగా ఆగునను భ్రమను పుట్టించుటయే అట్టి బండివలని అపాయము. అల్లుడు ఆనాడేమియు అనలేదు. మరుసటి కార్తికమున టైర్లు మార్పించెనని అమ్మాయి ఫోనులో చెప్పినది.

రెండవ బదులు, 'మా బండికి అన్ని కాలములకు పనికివచ్చు టైర్లే యున్నవి' యనునది. ఉత్తర అమెరికాలో బండ్లు సాధారణముగా వానితోనే అమ్ముడుపోవును. అన్ని పనులు వచ్చునన్న పనివానివలె, అది దేనికిని చాలినంత కాదు. దాని ప్రక్కన 'ఎం', 'ఎస్' అను అక్షరములుండును. బురదకు, మంచునకు అని అర్థము. కాని ఆ గుర్తు గాళ్ళ ఆకారమును బట్టి వేయునది, మంచుపై పరీక్షించి యిచ్చునది కాదు. పరీక్షలో గెలిచిన టైరునకు మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపూవును గల ముద్ర యుండును. 1999 నుండి ఆ ముద్ర వాడుకలో నున్నది. ఆ ముద్రగల టైర్లలో ఏడాది పొడవున తీయనక్కరలేనివియు నేడు దొరకుచున్నవి. మంచు కొద్దిగా పడు పట్టణమున అవి చాలుననియే నా అభిప్రాయము. కావున బిడ్డను అడుగవలసినది టైరు పేరు కాదు, కొండ ముద్ర యున్నదా యని.

మూడవది ఖర్చు. ఇది మాత్రము త్రోసివేయదగిన మాట కాదు. అప్పుచేసి పోయిన విద్యార్థికి, మూడవ చేతి పాతబండి కొన్నవానికి, నాలుగు టైర్లు భారమే. ఐనను ఒక వరుస నడచునప్పుడు రెండవ వరుస విశ్రమించును గనుక, రెండును ఎక్కువకాలము మన్నును. నిజముగా అధికమగునది ఏటికి రెండుసార్లు మార్పించు కూలి, వేరు రిమ్ములు కొన్నచో వాని వెల, దాచుకొనుటకు తావు. పొదుపుకొరకు కొందరు లాగెడి రెండు చక్రములకు మాత్రమే వేయింతురు. ఇది చాల చెడ్డ పొదుపు. ముందు చక్రములకు పట్టుండి వెనుక వానికి లేనియెడల, మలుపులో బండి వెనుకభాగము గిరుక్కున తిరిగిపోవును. వేసిన నాలుగును వేయవలెను. పాతవి కొనుట తప్పు కాదు గాని, గాళ్ళ లోతు 4 మిల్లీమీటర్లకు అరిగినది మంచుపై నడుపదగినది కాదని కెనడా ప్రభుత్వమువారి హెచ్చరిక.

ప్రభుత్వముల తీరు చూచినను ఈ విషయమున అందరిదియు ఒకే మాట కాదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము 2008 నుండి శీతకాలపు టైర్లు తప్పనిసరి చేసినది. 2019 నుండి ఆ గడువు డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు. మీరినవారికి 200 డాలర్లు మొదలు 300 వరకు జరిమానా. ప్రక్కనున్న అంటారియో నిర్బంధింపలేదు. అట్టి టైర్లు వేసినవారికి బీమా రుసుములో తగ్గింపు ఇయ్యవలెనని 2016 జనవరి 1 నుండి బీమా సంస్థలను ఆజ్ఞాపించినది. టొరాంటోలోని మన పిల్లలలో ఈ తగ్గింపు సంగతి ఎరుగనివారు కొందరైన నుందురు; చెప్పి చూడుడు. జర్మనీ 2010 నుండి తేదీలతో పని లేక, రోడ్డుపై మంచున్నప్పుడెల్ల తగిన టైరుండవలెననుచున్నది. 2024 అక్టోబరు నుండి అచ్చట కొండ ముద్ర గలదే చెల్లును. స్వీడనులో డిసెంబరు 1 మొదలు మార్చి 31 వరకు, మంచు రోడ్లపై ఇదే నియమము. అమెరికాలో చాల రాష్ట్రములలో సాధారణ కార్లకు ఇట్టి కాలవిధి లేదు; అచ్చట చట్టము అడుగదు గనుక తల్లిదండ్రులే అడుగవలెను.

మంచుగడ్డ మీద నడచుటకు టైరునకు ఇనుప మేకులు గ్రుచ్చు పద్ధతియు కలదు. పట్టు బాగుగనే యుండును. కాని మంచు లేని చోట ఆ మేకులు తారును అరగదీయును. జపానులో 1980 తరువాతి యేండ్లలో సెందాయి మొదలగు నగరములను ఈ ధూళి క్రమ్మి జనులు దగ్గులతో బాధపడుటచే, 1990లో వానిని అరికట్టు చట్టము చేసిరి. మన కేజి చక్రముల కథయే యది. మినసోటావారును మేకులను నిషేధించిరి.

ఇక అడుగనక్కరలేనివారు. డల్లాసులో, హ్యూస్టనులో నున్న బిడ్డకు శీతకాలపు టైర్లు కొనుమని చెప్పుట వ్యర్థము. అచ్చట ఏడాదిలో మంచు పడు దినములు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి; వేసవి యెండకు ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోవును. అట్లని అచ్చట అపాయము లేదనరాదు. 2021 ఫిబ్రవరి 11వ తేది తెల్లవారుజామున, డల్లాసు ప్రక్కనున్న ఫోర్ట్ వర్త్ నగరమున, పడిన చినుకు పడినట్లే గడ్డకట్టిన రహదారిపై నూరుకు మించిన బండ్లు ఒకదానిపై నొకటి పడగా ఆరుగురు మరణించిరి. అట్టి గాజువంటి గడ్డమీద మంచి టైరును ఎక్కువగా ఆదుకొనలేదు. ఆ ప్రాంతమున నున్నవారిని అడుగవలసినది వేరు: 'రేపు గడ్డకట్టునని చెప్పినచో సెలవు పెట్టుదువా?' అని. ఒకనాటి జీతము పోయిన పోనిమ్మని ఇంటిపెద్ద ముందుగా చెప్పియుంచిన, బిడ్డకు ఆ ఉదయమున మొగమాటముండదు.

మనాలికో, కాశ్మీరమునకో విహారమునకు పోయి బాడుగ బండి ఎక్కువారికి ఒక్క మాట చాలును. మంచు పడిననాడు చక్రములకు గొలుసులు చుట్టుకొననిదే కొండ యెక్కనని డ్రైవరు చెప్పినచో, ఆలస్యమగుచున్నదని అతనిని తొందరపెట్టకుడు.

మంచు దేశములలో నున్న బిడ్డలతో దీపావళినాడు ఎట్లును మాటలాడుదురు గదా. ఉదయపు చలి 7 డిగ్రీలకు దిగెడి కాలము ఆ దాపుననే వచ్చును. మొదటి మంచు పడిన మరునాడు టైర్ల అంగళ్ళవద్ద బారులు తీరి యుందురు, అప్పటికి ఆలస్యమైనట్లే. కనుక ఆ పండుగనాడే అడుగుడు: చక్రములు మార్పించినావా, నాలుగును మార్పించినావా, కొండ ముద్ర కలదా, గాలి చూపించినావా యని. చలికి టైరులోని గాలి కుంచించుకొనును. ప్రతి 5, 6 డిగ్రీలకు సుమారు ఒక పౌను తగ్గును. బండిలో కంబళి, మంచు తీయు పార యున్నవా యనియు అడుగవచ్చును. నవ్వినచో నవ్వనిండు.

ఉగాదికి మరల మాటలాడునప్పుడు, అచ్చట ఉదయములు వెచ్చబడినవో లేదో కనుగొని, ఆ టైర్లు తీయించుమనుడు. వెచ్చని పొడి రోడ్డుపై అవి త్వరగా అరుగును, బ్రేకు వేసినను మామూలు టైరంత త్వరగా ఆగవు. తీసినవానిని కడిగి, ఎండ తగులని చోట పెట్టి, ఏది ఏ ప్రక్క చక్రమో సుద్దతో వ్రాసియుంచిన, మరుసటి కార్తికమున వెదుకుకొను పని యుండదు.