ఒక గుమాస్తా గడపిన వేసవి

(సంఘ వార్షికోత్సవ సభయందు చేయబడిన ప్రసంగపు పాఠము)



వేసవి వచ్చునప్పటికి సర్కారు కచేరీలలో ఒక విధమైన నిశ్శబ్దము అలముకొనును. బడులకు సెలవు లిచ్చుటతో సంసారులు భార్యాబిడ్డలను స్వగ్రామములకు పంపుదురు. సెలవు దొరికినవారు తామును వెంట వెళ్లుదురు. మిగిలిపోవువారిలో ఎక్కువమంది క్రొత్తగా ఉద్యోగములో చేరిన యువకులు, యువతులు. వారికి సెలవు నిలువ ఉండదు. చేతిలో పైకమును అంతంతమాత్రమే. పగలు కాగితములతో గడచిపోవును. సాయంకాలము గదికి చేరినపిమ్మట ఏమి చేయుటకును తోచని దీర్ఘమైన ప్రొద్దు మిగులును. ఆ ప్రొద్దును తలచుకొని విసుగు చెందని యువోద్యోగి అరుదు.

అట్టి వేసవి నొకదానిని గూర్చి చెప్పుకొనుట ఈ సభకు తగియుండును. అది 1912వ సంవత్సరపు వేసవి. తెలుగు లెక్కలో పరీధావి. రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుదురని అంతకు ముందటి డిసెంబరు దర్బారులో ప్రకటించియుండిరి. కాని కోస్తా జిల్లాలవారికిని, రాయలసీమవారికిని నాడు రాజధాని యనగా చెన్నపట్టణమే. చదువునకైనను, కొలువునకైనను అచ్చటికే పోవలెను. ఆ పట్టణపు రేవు కచేరీలో, లెక్కల శాఖయందు, మార్చి 1వ తేదీన ఒక క్రొత్త గుమాస్తా ప్రవేశించెను. వయస్సు ఇరువది నాలుగు. మూడవ తరగతి, అందులో నాలుగవ గ్రేడు. జీతము నెలకు ముప్పది రూపాయలు. పేరు శ్రీనివాస రామానుజం.

రామానుజం గణితప్రతిభను గూర్చి వినని విద్యావంతుడుండడు. 2012 నుండి ఆతని జన్మదినమగు డిసెంబరు 22వ తేదీని దేశమంతట జాతీయ గణిత దినముగా జరుపుకొనుచున్నారు. అయినను ఆతని జీవితమును చెప్పువారు ఆ గుమాస్తాగిరిని ఒక్క వాక్యములో దాటి, త్వరత్వరగా కేంబ్రిడ్జికి ఓడ ఎక్కింతురు. కచేరీలలో జీవితము గడపువారికి మాత్రము ఆ వాక్యము దగ్గర కొంతసేపు నిలువవలెనని తోచును. ఆ బల్లయొద్ద గడచిన పదునాలుగు నెలలు ఆతనికి ఏమి ఒసగినవి? అచ్చటి పెద్దలు ఆతనికి ఏమి చేసిరి?

ఆ బల్లయొద్దకు చేరుట సులభముగా జరుగలేదు. కుంభకోణములో ఒక కళాశాల, చెన్నపట్టణములో మరియొక కళాశాల చూచియు రామానుజం ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. గణితము తప్ప తక్కిన పాఠములు ఆతని తలకెక్కలేదు. 1909లో వివాహమయ్యెను. బాధ్యత పెరిగెను గాని సంపాదన లేదు. ఆ దినములలో ఆతనిని ఆదుకొన్నవారు నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారు. ఆయన స్వయముగా గణితప్రియులు. ఆ యువకుని నోటు పుస్తకములను చూచి, నెలకు ఇరువది యైదు రూపాయలు పంపుచు వచ్చిరి. పైకము సక్రమముగానే వచ్చుచుండెను. అయినను ఊరక కూర్చుండి ఒకరి సొమ్ము తినుట రామానుజమునకు మనస్కరింపలేదు. ఏ వేతనమైనను సరియే, ఒక పని కావలెనని ఆతడు కోరెను. కొలది వారములు అకౌంటెంట్ జనరల్ కచేరీలో ఇరువది రూపాయల తాత్కాలికపు కొలువు చేసెను. పిమ్మట 1912 ఫిబ్రవరి 9వ తేదీన రేవు కచేరీకి దరఖాస్తు వ్రాసెను. తిరువల్లిక్కేణిలో ఆతడు అప్పుడు నివసించుచుండిన ఇంటి పేరు 'సమ్మర్ హౌస్'. వేసవి విడిదియను పేరుగల ఇంటినుండి వేసవి కొలువునకు దరఖాస్తు బయలుదేరెను.

చెన్నపట్టణపు ఎండ యెట్టిదో అచ్చట నివసించినవారికి చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో తారు మరుగును; మధ్యాహ్నము సముద్రపు గాలి తిరిగిన పిమ్మటగాని ప్రాణము కుదుటపడదు. రేవులో పొగయోడలు వచ్చుచు పోవుచుండును. సరకులు దిగుచు ఎక్కుచుండును. ఆ సరకుల సుంకములు, ఖర్చులు లెక్కల పుస్తకములలోనికి ఎక్కుచుండును. రామానుజమునకు అప్పగింపబడిన పని బరువైనది కాదు. ఉదయము కచేరీకి పోవుటకు ముందు గణితము. సాయంకాలము తిరిగివచ్చిన పిమ్మట మరల గణితము. ఒక్కొక్కనాడు తెల్లవారి ఆరుగంటలవరకు లెక్కలు చేసి, రెండు మూడు గంటలు కన్ను మూసి, మరల కచేరీకి పోవువాడని ఆతని భార్య జానకమ్మగారు పిమ్మట చెప్పియున్నారు. కాగితము కొనుటకు శక్తి చాలక పలకమీద లెక్క కట్టి, ఫలితమును మాత్రము పుస్తకములో ఎక్కించుకొనుచుండెను. గుడ్డతో తుడుచుటకును ఓపిక పట్టక మోచేతితోనే పలకను తుడిచివేయుచుండుటచే మోచేయి నల్లబడియుండెడిదట. సరకులు చుట్టివచ్చిన కాగితములకై రేవులో వెదకుకొనుచుండగా చూచినవారును కలరు.

ఇంతవరకు ఇది ఒక పేద మేధావి కథ. ఇందులో మరియొక మనిషి ప్రవేశించుటచే ఇది కచేరీ కథయు అగుచున్నది. ఆయన ఎస్. నారాయణయ్యరుగారు, రామానుజమునకు పై అధికారి, పూర్వము కళాశాలలో గణితోపాధ్యాయులు. హోదాలో ఇద్దరికిని చాల దూరము. అయినను రాత్రివేళ నారాయణయ్యరుగారి ఇంటి మేడమీద ఇద్దరును చెరియొక పెద్ద పలకను మోకాళ్లపై నిలుపుకొని కూర్చుండెడివారు. వీధిలో సందడి అణగిపోయి, పదకొండు గంటలు దాటినను బలపపు గీతల చప్పుడు వినవచ్చుచునే యుండెడిదట. ఇంటిలో నిద్రించువారికి ఆ చప్పుడు ఇబ్బందిగానే యుండెను.

ఆ మేడమీద జరిగిన దానిలో ఒక విషయము ముఖ్యమైనది. రామానుజం పది మెట్లలో ఎక్కవలసినదానిని రెండు అంగలలో దాటిపోవువాడు. ప్రక్కనున్న పెద్దమనిషి గణితము తెలిసినవారైనను అందుకొనలేకపోయెడివారు. నారాయణయ్యరుగారు అందుకు చిన్నబుచ్చుకొనలేదు; అర్థమైనట్లు నటింపనులేదు. తన స్థాయికి దిగివచ్చి, నడుమనున్న మెట్లన్నియు వ్రాసి చూపుమని తనక్రింది గుమాస్తాను పట్టుబట్టి అడిగిరి. తమకే తెలియనిచో ఇతరులకు ఎట్లు తెలియునని వారి వాదము. క్రింది ఉద్యోగియొద్ద 'నాకు తెలియలేదు' అని చెప్పగల పై అధికారులు ఏ కాలమునందైనను ఎందరుందురు?

నారాయణయ్యరుగారి పైన రేవు సంస్థ అధ్యక్షులు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొర. ఆయన ఇంజనీరు. దక్షిణదేశపు రైలుమార్గముల నిర్మాణములోను, రాజమహేంద్రవరమువద్ద గోదావరికి వంతెన కట్టుటలోను పాలుగొన్నవారు. ఒకప్పుడు ఆయన యెదుటికి పోయిన కచేరీ కాగితముల కట్టలో గణితపు కాగితములు కొన్ని కలసిపోయినవట. పనివేళలో లెక్కలు కట్టుచున్నావా యని ఆయన నారాయణయ్యరుగారిని గద్దించిరట. దస్తూరి తనది కాదు, రామానుజముది కావచ్చునని ఆయన విన్నవించుకొనగా దొర నవ్వివేసెనట. ఇట్టి తప్పిదమునకు సంజాయిషీ అడుగుట ఎంత తేలికయో, ఈ సభలోనివారికి చెప్పనక్కరలేదు. అచ్చట సంజాయిషీకి బదులు సహాయము లభించెను.

విదేశములలోని పండితులకు వ్రాయుమని పెద్దలు ప్రోత్సహించిరి. మొదటి ప్రయత్నములు ఫలింపలేదు. 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు రామానుజం ఒక లేఖ వ్రాసెను. తాను చెన్నపట్టణపు రేవు కచేరీ లెక్కల శాఖలో గుమాస్తాననియు, ఏడాదికి ఇరువది పౌనులు మాత్రమే జీతమనియు, విరామకాలమును గణితమునకు వినియోగించుచున్నాననియు అందులో ముందుగా చెప్పుకొని, పిమ్మట సిద్ధాంతములను వరుసగా పేర్కొనెను. ఫిబ్రవరిలో హార్డీ ప్రత్యుత్తరము వ్రాసెను. ఆయన కోరినదేమి? ఆ సిద్ధాంతములకు ఉపపత్తులు పంపుమని. మేడమీద నారాయణయ్యరుగారు కోరినదానినే ఏడు సముద్రముల కావలినుండి కోరిరి.

అదే నెలలో భారత ప్రభుత్వపు వాతావరణ శాఖాధిపతియు, గణితజ్ఞులు నగు గిల్బర్టు వాకరుగారు చెన్నపట్టణము వచ్చిరి. స్ప్రింగు దొర ఆయనకు తన గుమాస్తా నోటు పుస్తకములను చూపించెను. తనకు సంపూర్ణముగా తెలియని విషయముపై తెలిసినవారిచేత తీర్పు చెప్పించుట ఆయన చేసిన పని. వాకరుగారు విశ్వవిద్యాలయమునకు వ్రాసిరి. నెలకు డెబ్బది యైదు రూపాయల పరిశోధక వేతనము రెండేండ్లకు మంజూరై, 1913 మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. మరునాటి వేసవి నడిమికి వచ్చుసరికి రామానుజం గుమాస్తా కాడు. 1914 మార్చిలో ఓడ ఎక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1920 ఏప్రిల్ 26వ తేదీన, మరియొక వేసవిలో, ముప్పది రెండేండ్ల వయస్సున కన్నుమూసెను.

ఈ కథనుండి తప్పుడు నీతిని తీయరాదు. గుమాస్తాగిరి మేధావులను సృష్టించునని ఎవ్వరును అనజాలరు. పదునెనిమిది మొదలు ఇరువది యైదేండ్ల వరకు గల విలువైన కాలము రామానుజమునకు సరియైన దారి లేక గడచిపోయెననియు, అకాలమరణముకంటె అదియే పెద్ద విషాదమనియు హార్డీ తలచెను. రేవు కచేరీలోని వేసవి ఆ కాలపు చివరి భాగము. దానిని గూర్చి సంతోషించుటకు ముందు, అట్టి యువకుడు నెలకు ముప్పది రూపాయలకై దరఖాస్తు పట్టుకొని తిరుగవలసివచ్చినందుకు సిగ్గుపడవలెను.

అయినను ఆ కొలువు రెండు మేలులు చేసెను. ఒకరి దయపై ఆధారపడక తన అన్నము తాను తినుచున్నానను నిబ్బరము నిచ్చెను. సాయంకాలమును తనదిగా ఉంచెను. మూడవ మేలు కచేరీ నియమములలో వ్రాయబడినది కాదు. పై అధికారి రాత్రివేళ తన మేడమీద మరియొక పలకను తెచ్చియుంచెను. మొదటి రెండును నేటి కచేరీలలోను యువోద్యోగులకు ఎంతో కొంత దొరకుచున్నవి. మూడవది ఎందరికి దొరకుచున్నది?

ఈ సంఘములో చిరకాలము సేవచేసి పెద్ద బల్లలయొద్ద కూర్చున్నవారు కలరు. నిరుడో, మొన్నమొన్ననో వచ్చి, ఈ వేసవిలో ఒంటరిగా గదిలో మిగిలిపోయినవారును కలరు. ఆ యువకులలో రామానుజం ఉండకపోవచ్చును. వీణ వాయించువాడు, పాత శాసనములు చదువుకొనువాడు, కథలు వ్రాసుకొను అమ్మాయి, మరియొక పరీక్షకు రహస్యముగా చదువుకొనువాడు తప్పక ఉందురు. వారు గదికి పోయి ఏమి చేయుచున్నారో పెద్దలు ఒక్క సాయంకాలము అడిగి తెలిసికొనవలెను. తెలియనిచో తెలియలేదని చెప్పి, మెట్లు విడువక చెప్పుమని కోరవలెను. ఆ యువకులును అది అవమానమని తలపక, ఓపికతో మెట్లన్నియు వ్రాసి చూపవలెను.

ఈ వేసవిలో ఈ ఊరి తెలుగు ఇండ్ల మేడలమీద అట్టి పలకలు జంటజంటలుగా వెలయుగాక!