అడ్మిషన్ రిజిస్టరూ సిలబసూ: తెలుగునాట ఆర్ట్స్ చదువుల కథ

(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం)



కట్టమంచివారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఎవరికైనా ముందుగా తోచేది ఆయన సాహిత్య విమర్శ. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయన చేసిన రెండో పని వైపు నుంచి వస్తాను. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడై, దాన్ని పునాదుల నుంచి నిలబెట్టారు. కాబట్టి ఈ సాయంత్రం విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గరి సంగతులు చెప్పుకుందాం. మన ప్రాంతంలో ఆర్ట్స్ చదవడానికి దరఖాస్తు పెట్టుకున్నది ఎవరు? సీటు ఎవరికి దొరికింది? ఏ భాషలో చదివారు? వాళ్లు లోపలికి వచ్చాక ఆ చదువు ఏమైంది?

అడ్మిషన్ అంటే ఆఫీసు వ్యవహారమనీ, సిలబస్ అంటే పండితుల వ్యవహారమనీ మనకో అలవాటైన విభజన ఉంది. చరిత్ర మాత్రం ఈ రెంటినీ విడదీయనివ్వదు. రిజిస్టరులోకి కొత్తరకం పేర్లు ఎక్కినప్పుడల్లా కొంత ఆలస్యంగానైనా సిలబస్‌లోకి కొత్త పేజీలు ఎక్కాయి. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

మద్రాసు పరీక్షలు

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి రోజుల్లో అది పాఠం చెప్పే చోటు కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థ. పాఠాలు కాలేజీల్లో జరిగేవి. మనవైపు రాజమండ్రి కళాశాల, మచిలీపట్నం నోబుల్ కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల పేరున్నవి. మెట్రిక్యులేషన్ గట్టెక్కి, ఎఫ్.ఏ. దాటి, బి.ఏ.కి చేరాలి. దారి పొడుగునా ఇంగ్లీషే. ఇంట్లో దీపం కింద కూర్చుని ఇంగ్లీషు వల్లె వేయగల తీరిక, ఫీజు కట్టగల స్తోమత, చదువుకోవచ్చునన్న సామాజిక అనుమతి, ఈ మూడూ ఉన్న ఇళ్ల మగపిల్లలే ఆ దారిన పోయారు. రిజిస్టరు అంత ఇరుగ్గా ఉండేది.

అయినా ఆ ఇరుకులోంచే ఇద్దరు వచ్చారు. గురజాడ అప్పారావు విజయనగరంలో 1886లో తత్త్వశాస్త్రం ప్రధానంగా బి.ఏ. ప్యాసయ్యారు. గిడుగు రామమూర్తికి కాలేజీలో కూర్చునే వీలు లేకపోయింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ప్రైవేటుగా చదివి 1896లో చరిత్రతో బి.ఏ. ముగించారు. ఉద్యోగం చేసుకుంటూ పరీక్ష రాసుకోనిచ్చిన ఆ చిన్న వెసులుబాటు మనకు ఏమిచ్చిందో చూడండి. చరిత్ర చదివిన ఆ మేష్టారు ముఖలింగం శాసనాలు చదవబోయారు, పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు, చివరికి తెలుగువాళ్లందరి రాతనీ మార్చే వాదం లేవదీశారు.

ఆ వాదం తేలవలసి వచ్చింది పరీక్ష పేపరు మీదే. విద్యార్థి తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, మాట్లాడే భాషలో రాయాలా అన్నది మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. ఉపసంఘం గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసిచ్చారు. అప్పటికి గెలుపు ఆయనది కాలేదు, మరుసటి ఏడే కన్నుమూశారు. ఇవాళ బి.ఏ. విద్యార్థి తన జవాబుపత్రంలో మామూలు తెలుగు రాసి మార్కులు తెచ్చుకుంటున్నాడంటే ఆ అసమ్మతికి బాకీపడి ఉన్నాడు.

వాల్తేరు

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. 1931లో ఆర్ట్స్ కళాశాల మొదలైనప్పుడు తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అందులో ముందువరస శాఖలు. సైన్సుకు లేబొరేటరీ కావాలి, యంత్రాలు కావాలి. ఆర్ట్స్‌కు మనుషులు కావాలి. ఆ మనుషుల్ని వెతికి తెచ్చారు. 1931 నుంచి 1936 దాకా ఉపాధ్యక్షుడిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ హుమాయూన్ కబీర్‌నీ హీరేన్ ముఖర్జీనీ బెంగాల్ నుంచి రప్పించారు. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం పాఠం చెప్పారు.

కట్టమంచివారు 1930లో శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా పదవి వదిలేశారు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా కొనసాగారు. ఆయన విద్యార్థి దశ కూడా మన విషయానికి పనికొస్తుంది. ‘ముసలమ్మ మరణం’ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ పోటీకి రాసిన కావ్యం. ఇతివృత్తం పురాణం నుంచి తెచ్చుకున్నది కాదు. బ్రౌన్ సేకరించిన అనంతపురం చరిత్రలో ఒక చెరువు గట్టుకు సంబంధించిన కథ. రాయలసీమ నుంచి వచ్చిన కుర్రవాడు కాలేజీ బల్ల మీదికి సీమ కథ తెచ్చాడు.

ఇలాంటి సభల్లో స్మరించుకునేవారిని పొగిడి ఊరుకోవడం మర్యాద. కట్టమంచివారు మొహమాటం లేని విమర్శకులు కనుక ఆయన గుమ్మం దగ్గర జరిగిన ఒక సంఘటన చెప్పడానికి నేనూ మొహమాటపడను. దుర్గాబాయి, తర్వాత మనందరికీ దుర్గాబాయి దేశ్‌ముఖ్, జైలు నుంచి వచ్చాక బనారస్ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్ కట్టి, రాజనీతిశాస్త్రం చదవాలని వాల్తేరుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఉపాధ్యక్షులు తటపటాయించారు. కారణం చదువులో లోటు కాదు, ఆడపిల్లలకు హాస్టల్ లేదు. ఆవిడ వెనక్కి తిరగలేదు. హాస్టల్ లేక చదువు మానుకున్న అమ్మాయిలు తనకు రాయండని పత్రికలో ప్రకటన వేయించారు. ఉత్తరాలు వచ్చాయి. అమ్మాయిలు కలిసి తామే వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఇక కాదనడానికి ఉపాధ్యక్షులకు కారణం మిగల్లేదు. సీటు లేదనడానికి చూపే కారణం చాలాసార్లు ఒక గది, ఒక మంచం, ఒక బస్సు. అవి సమకూరితే ప్రతిభ ఎక్కడినుంచో కాదు, పక్క వీధిలోంచే వస్తుంది. ఆ విద్యార్థిని తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

వాల్తేరు గుమ్మం అందరికీ దగ్గర కాలేదు. విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడుండాలన్న తగాదాలో సీమ జిల్లాల కాలేజీలు కొద్దికాలానికే మళ్లీ మద్రాసు కిందికి పోయాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న షరతు అందుకే వచ్చింది. తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, అనంతపురంలో కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చాయి. ఒప్పుకున్న మాటకూ తెరిచిన తలుపుకూ మధ్య ఒక తరం చదువు వయసు దాటిపోయింది.

హైదరాబాద్

నిజాం రాజ్యంలో కథ వేరు. 1917 నాటి నిజాం ఫర్మానాతో ఉస్మానియా ఏర్పడింది. 1919లో గన్‌ఫౌండ్రీలోని అద్దె బంగళాల్లో 225 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. మీరు ఫొటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ గులాబీరంగు రాతి భవనం 1939లో గాని తెరుచుకోలేదు. దేశంలో ఇంగ్లీషు తప్ప గతి లేదనుకుంటున్న రోజుల్లో ఇక్కడ చరిత్ర, తత్త్వశాస్త్రం, అర్థశాస్త్రం ఉర్దూలో చెప్పారు. పుస్తకాల కోసం ముందుగానే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన ఘనత ఉస్మానియాది. ఆ దేశభాష రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది కాకపోవడం దాని లోటు. తెలుగు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అది మరో పరాయి మెట్టు అయింది.

1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. ఆ బహిష్కృతుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. ఒక విశ్వవిద్యాలయం పేర్లు కొట్టేస్తే ఇంకొకటి రాసుకోవచ్చునన్నది మరిచిపోరాని సంగతి.

ఉస్మానియా తెలుగు శాఖకు తొలి రోజుల్లో రాయప్రోలు సుబ్బారావు పెద్ద దిక్కు. ఆ శాఖలోకి వచ్చిన పిల్లలను చూడండి. సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలో చదివి ఎం.ఏ. తెలుగులో చేరారు. ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాల మీదా ప్రయోగాల మీదా ఆయన రాసిన సిద్ధాంతగ్రంథం ఇప్పటికీ ఎం.ఏ. విద్యార్థుల చేతుల్లో నలుగుతూనే ఉంది. బిరుదురాజు రామరాజు 1950ల్లో జానపద గేయాలను పరిశోధనాంశంగా తీసుకున్నారు. దంచేటప్పుడూ తిరగలి విసిరేటప్పుడూ ఆడవాళ్లు పాడుకునే పాటకు పీహెచ్‌డీ ఏమిటని అడిగే కాలం అది. పల్లె పాట చెవిలో ఉన్నవాడు పరిశోధక విద్యార్థి కాబట్టే అది విశ్వవిద్యాలయం గడప దాటింది. తర్వాత జానపద విజ్ఞానం తెలుగు శాఖల్లో ఒక పేపరుగా స్థిరపడింది.

తెలుగు మాధ్యమం, సార్వత్రిక ద్వారం

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పేరు గొప్పగా వినిపించని పని అది: పారిభాషిక పదాలు కుదర్చడం, ఇంటర్‌కూ డిగ్రీకీ పాఠ్యపుస్తకాలు తెలుగులో రాయించడం. బి.ఏ. తెలుగు మీడియంలో చదివి, అకాడమీ చరిత్ర పుస్తకాల అంచులన్నీ పెన్సిలు గీతలతో నింపి, గ్రూప్స్ రాసి ఎమ్మార్వోలూ ఎంపీడీవోలూ అయినవాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఏ మండలానికి వెళ్లినా కనబడతారు. 1976లో కాకతీయ, నాగార్జున విశ్వవిద్యాలయాలు రావడంతో ఎం.ఏ. సీటు కూడా జిల్లాలకు దగ్గరైంది.

అన్నిటికన్నా పెద్ద తలుపు 1982లో తెరుచుకుంది. ఉస్మానియా రాజనీతిశాస్త్ర ఆచార్యులు జి. రాంరెడ్డి వ్యవస్థాపక ఉపాధ్యక్షులుగా దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇక్కడ మొదలైంది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరవచ్చన్నారు. పెళ్లితో చదువాగిపోయిన స్త్రీలు, కండక్టర్లు, కానిస్టేబుళ్లు ఆదివారం క్లాసులకు వచ్చారు. గిడుగుకు ఒక్కడికి దొరికిన వెసులుబాటు లక్షలమందికి హక్కయింది.

1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి, సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో పని మొదలుపెట్టింది. రిజర్వేషన్ల అండతో ఇంట్లో మొదటిసారి డిగ్రీ ముఖం చూసినవాళ్లు ఈ విశ్వవిద్యాలయాల హాస్టళ్లు నింపారు. 1990ల నాటి దళిత కవిత్వం వెనక ఆ హాస్టల్ గదుల చర్చలూ ఉన్నాయి. ‘చిక్కనవుతున్న పాట’ వంటి సంకలనాలు ముందు చేతులు మారాయి, తర్వాత సిద్ధాంతగ్రంథాలకు వస్తువయ్యాయి, ఆ తర్వాతే సిలబస్‌లోకి వచ్చాయి. ఆ వరస గమనించండి. పాఠ్యప్రణాళికా సంఘం కనిపెట్టి చేర్చిన కొత్తదనం కాదది. విద్యార్థులు తమ వెంట తెచ్చినది.

ఇప్పటి గుమ్మం

ఇప్పుడు గుమ్మం సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. తెలంగాణలో డిగ్రీ సీట్లకు 2016 నుంచి దోస్త్, ఆంధ్రలో తర్వాత అలాంటిదే మరో ఆన్‌లైన్ ఏర్పాటు. పీజీకి ఉమ్మడి ప్రవేశ పరీక్షలు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు 2022 నుంచి సీయూఈటీ. దాన్ని తెలుగులోనూ రాయవచ్చు. సిఫారసు చీటీలకు, కాలేజీ చుట్టూ తిరుగుళ్లకు చాలావరకు తెర పడింది. ఇది మంచి మార్పే.

కాని ఒక్కసారి మండల కేంద్రంలోని నెట్ సెంటరులో కూర్చుని చూడండి. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ ఫోన్ నాన్న దగ్గరుంటుంది, నాన్న కూలికి పోయి ఉంటాడు. తర్వాత వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీ ముందు, ఏ గ్రూపు ముందు అన్న వరసే భవిష్యత్తును తేలుస్తుంది. ఆ వరస పెట్టేది చాలాసార్లు పిల్ల కాదు, క్యూ తరగాలన్న తొందరలో ఉన్న నెట్ సెంటరు కుర్రాడు. సీటొచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే వచ్చిన సీటు పోతుంది. చరిత్రంటే ఇష్టమున్న అమ్మాయి ఆ ఇష్టాన్ని చెప్పుకోవడానికి ఈ మొత్తం తతంగంలో ఒక్క మనిషి ఎదురుపడడు. దుర్గాబాయికి కాదన్నవారైనా ఒకరు ఎదురుగా ఉన్నారు, వాదించడానికి వీలైంది.

లోపల పరిస్థితీ దాచుకునేది కాదు. శాఖల్లో ఏళ్ల తరబడి ఖాళీలు, కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పాఠాలు. పిల్లలు తగ్గారని కోర్సు తీసేస్తారు, కోర్సు లేదు కాబట్టి పిల్లలు రారు. ఇంటర్‌లోనే హెచ్‌ఈసీ అంటే మొహం చిట్లించే ఇళ్లలోంచి బి.ఏ.కి దరఖాస్తు రావడమే కష్టమైంది. ఇంతకాలం మన పోరాటం బయట నిలబెట్టినవాళ్లను లోపలికి తేవడానికి. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది, వచ్చేవాళ్లు పలచబడ్డారు. రిజిస్టరు పలచబడితే కొత్త ప్రశ్న తెచ్చేవాడూ ఉండడు. అప్పుడు సిలబస్ పాతబడి తనంతట తనే కూలుతుంది.

ఈ సభలో అధికారం ఉన్నవారూ ఉన్నారు కనుక మూడు మాటలు స్పష్టంగా అడుగుతాను. ఒకటి, వెబ్ ఆప్షన్లు నడిచే రోజుల్లో ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనూ ఒక ఆర్ట్స్ అధ్యాపకుడు సహాయ కేంద్రంలో కూర్చోవాలి. ఆప్షన్ల వరస పిల్లతో మాట్లాడి పెట్టించాలి. రెండు, సంఖ్య తగ్గిందన్న ఒకే కారణంతో చరిత్ర, తెలుగు, తత్త్వశాస్త్రం వంటి శాఖలు మూయకండి. ముందు ఖాళీలు నింపి, ఆ తర్వాత లెక్కపెట్టండి. మూడు, హాస్టల్ సీటు గ్యారంటీ లేని అడ్మిషన్ పల్లెటూరి ఆడపిల్లకు అడ్మిషన్ కాదు. రెండూ ఒకే ఉత్తర్వులో ఇవ్వండి.

విద్యార్థులతో ఒక్క మాట. మీలో గ్రూప్స్ కోసమే బి.ఏ.లో చేరినవాళ్లు ఉంటారు. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. అయితే మీ ఊరి శాసనం, మీ వాడ పాట, మీ అమ్మ పలికే మాట మీ వెంట తరగతికి తీసుకురండి. సిలబస్‌లో లేదని అధ్యాపకుడు అంటే, ఎందుకు లేదని అడగండి. ఇంతవరకు సిలబస్‌లోకి వచ్చినవాటిలో మంచివి చాలా అలా అడిగినవాళ్ల వల్లే వచ్చాయి.